మలుపులో టకటక, హైవేలో వణుకు: డ్రైవ్ షాఫ్టేనా?

మీరు రాసినదాన్ని ముందు ఒక దగ్గర పెడతాను. 78,000 కి.మీ. తిరిగిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇంటి గేటు దగ్గర స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటోంది. హైవేలో 70 దాటాక యాక్సిలరేటర్ నొక్కితే కాళ్ళ కింద సన్నటి వణుకు. ఒక షాపులో రెండు డ్రైవ్ షాఫ్టులూ మార్చాలన్నారు, ఇంకో షాపులో వీల్ బేరింగ్ పోయిందన్నారు. వచ్చే నెల పిల్లలతో తిరుమల ప్రయాణం ఉంది, ఈ కారులో వెళ్ళొచ్చా అని అడిగారు.

ఇద్దరిలో ఎవరూ కారు నడిపి చూడలేదని కూడా మీరే రాశారు. కాబట్టి ఆ రెండు మాటలూ పక్కన పెట్టండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, ఇరవై ఏళ్ళ పైనుంచి గోదావరి వైపు సొంత షెడ్డు నడుపుతున్నాను. చప్పుడు ఎలా ఉందని నేను కస్టమర్‌ని ఎక్కువగా అడగను. ఒకరు టకటక అంటారు, ఇంకొకరు కటకట అంటారు, మూడో ఆయన నోటితో చేసి చూపిస్తే అది కప్ప అరిచినట్టు ఉంటుంది. ఎప్పుడు వస్తోందన్నదే అడుగుతాను. తిప్పినప్పుడా, గ్యాస్ ఇచ్చినప్పుడా (అంటే యాక్సిలరేటర్ నొక్కినప్పుడా), వదిలినప్పుడా, గుంతలో దిగినప్పుడా? దోషి ఎవరన్నది సగం అక్కడే తేలిపోతుంది.

ముందు చక్రాలకు బలం అందే కార్లలో గేర్‌బాక్స్ నుంచి అటొకటి ఇటొకటి షాఫ్టులు ఉంటాయి. మన దగ్గర చాలామంది వీటినే యాక్సిల్ అంటారు. 1983 చివర్లో మారుతి 800 వచ్చేదాకా మన రోడ్ల మీద ఇళ్ళలో వాడే కార్లు దాదాపు అన్నీ అంబాసిడర్, పద్మిని లాంటి వెనక చక్రాల బళ్ళే. అందుకే మా గురువుగారి తరానికి ‘క్రాస్’ (వెనక చక్రాల బళ్ళ షాఫ్టులో ఉండే జాయింటు) మార్చడం చేతికి అలవాటైన పని, ముందు చక్రాల షాఫ్టుల్లో ఉండే సీవీ జాయింట్ మాత్రం కొత్త చదువు. ప్రతి షాఫ్టుకీ రెండు జాయింట్లు. చక్రం వైపున్నది ఔటర్. అందులో ఆరు ఉక్కు గోళీలు గాడుల్లో కూర్చుని ఉంటాయి, స్టీరింగ్‌తోపాటు దాదాపు 45 డిగ్రీల దాకా వంగి కూడా బలాన్ని ఒకే వేగంతో చక్రానికి అందిస్తాయి. గేర్‌బాక్స్ వైపున్నది ఇన్నర్. చాలా కార్లలో అది మూడు రోలర్ల ట్రైపాడ్. అది అంతగా వంగదు, కానీ చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా లోపలికీ బయటికీ జరుగుతుంది. రెండింటికీ గ్రీజు నింపిన రబ్బరు బూటు ఉంటుంది.

ఔటర్ ఎక్కువగా వంగేది మలుపులో. గాడులు అరిగితే అప్పుడే, అదీ గ్యాస్ ఇస్తున్నప్పుడే టకటకమంటుంది. వేగం పెరిగితే టకటక కూడా తొందర పెరుగుతుంది. ఇన్నర్ ఎక్కువగా వంగదు కాబట్టి తిప్పినప్పుడు ఊరుకుంటుంది. నేరుగా పోతూ గట్టిగా నొక్కినప్పుడు వణుకు, నొక్కి వదిలినప్పుడు ‘ఢక్’ అన్న దెబ్బ దాని లక్షణాలు. అంటే మీ కారులో ఒకటి కాదు, రెండు వేరువేరు జబ్బులు ఉండొచ్చు. రెండింటికీ కలిపి ఒకే మందు వెతకడం వల్లే ఒక షాపుకీ ఇంకో షాపుకీ మాట కుదరలేదేమో.

ఆదివారం ఉదయం ఏదైనా ఖాళీ గ్రౌండుకి వెళ్ళండి. ఏసీ, పాటలు ఆపేసి అద్దాలు దించండి. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి, చివరి అంచు నుంచి కొంచెం వెనక్కి తెచ్చి, ఫస్ట్ గేర్‌లో పది కి.మీ. వేగంతో గుండ్రంగా తిరగండి. గ్యాస్ ఇస్తూ ఒక చుట్టు, క్లచ్ తొక్కి ఊరికే దొర్లిస్తూ ఒక చుట్టు. తర్వాత ఎడమకి అలాగే. ఆ తర్వాత రివర్స్‌లో. గ్యాస్ ఇచ్చినప్పుడు వచ్చి, దొర్లేటప్పుడు పోతే ఔటర్ జాయింటే. క్లచ్ తొక్కినా చక్రంతోపాటు అదే లయలో వస్తుంటే బ్రేకు షీల్డులో ఇరుక్కున్న రాయో, టైరులో గుచ్చుకున్న మేకో, వదులైన వీల్ కవరో చూడండి. నవ్వకండి, టైరులో ఉన్న కంకర పలుకుని తీసి ‘షాఫ్టు చప్పుడు’ తగ్గించిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

కుడికి తిప్పితే చప్పుడు వస్తే పోయింది ఎడమ జాయింటే అని అందరూ చెప్తారు. మలుపులో బయటి చక్రం మీద బరువు పడుతుంది కాబట్టి ఆ మాటలో నిజం ఉంది. కానీ మీ గేటు దగ్గర ఉండే వేగానికి బరువు పెద్దగా అటు మళ్ళదు. పైగా లోపలి చక్రం బయటిదానికంటే ఎక్కువ కోణంలో తిరుగుతుంది, అంటే కుడి జాయింటే ఎక్కువ వంగుతోంది. అందరూ చెప్పే ఆ లెక్కను నమ్మి మంచి షాఫ్టు విప్పిన పాపం నేనూ చేశాను. ఇప్పుడు కాస్త దూరంలో ఒక మనిషిని నిలబెట్టి, కారుని ముందు ఆయన ఒక పక్కగా, తర్వాత ఇంకో పక్కగా పోనిస్తాను. మనిషి లేకపోతే పొడవాటి ప్రహరీ గోడ పక్కన నడపండి. ఆ పక్క చక్రం మోత గోడకి తగిలి కిటికీలోంచి తిరిగొస్తుంది. వెనక్కి తిరిగొచ్చి రెండో పక్కా వినండి, తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు వణుకు సంగతి. 72 కి.మీ. వేగమంటే సెకనుకు 20 మీటర్లు. 165/80 ఆర్14 సైజు టైరు చుట్టుకొలత 1.95 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. టైరు బ్యాలెన్సింగ్ తప్పితే చుట్టుకొక ఊపు, అంటే సెకనుకు పది. అది స్టీరింగ్‌లో చేతికి తెలిసే ఊపు. ట్రైపాడ్‌కి మూడు రోలర్లు. అది అరిగితే చుట్టుకి మూడు తోపులు, సెకనుకు ముప్పై. అది ఊపులా కాకుండా ఫ్లోర్‌లో, సీటు కింద సన్నటి గుర్రులా ఉంటుంది. మీరు ‘కాళ్ళ కింద సన్నగా’ అని రాసిన మాట చదవగానే నాకు ఇన్నర్ గుర్తొచ్చింది. తేల్చుకోవడం తేలికే. 70 దగ్గర గ్యాస్ నొక్కి వణుకు రానివ్వండి, వెంటనే కాలు తీసేయండి. అదే వేగంలో ఉండగానే వణుకు మాయమైతే ఇన్నర్ జాయింటు, లేదా ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ). కాలు తీసినా ఉంటే టైర్లు, రిమ్ములు.

మౌంటింగ్ తేల్చడానికి బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు వేసి, ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ కొద్దిగా వదిలి ఇంజిన్ ఎంత కదులుతుందో పక్కనుంచి ఒకరిని చూడమనండి. ఫస్ట్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి. కారు ముందుగానీ వెనకగానీ ఎవరూ నిలబడకూడదు. ఇంజిన్ కొద్దిగా వాలడం మామూలే, ఎగిరిపడితే మౌంటింగ్ పోయినట్టు.

వీల్ బేరింగ్ అన్నాయనకి ఏం ఆధారం దొరికిందో నాకు అర్థం కాలేదు. బేరింగ్ మామూలుగా టకటకమనదు, ఊఁ అని మూలుగుతుంది. వేగంతో పెరుగుతుంది, గ్యాస్‌తో సంబంధం ఉండదు. ఖాళీ రోడ్డు మీద కారుని మెల్లగా కుడికీ ఎడమకీ ఊపితే బరువు పడిన పక్క మోత హెచ్చుతుంది. అరుగుడు ఎగుడుదిగుడుగా ఉన్న టైరు కూడా అచ్చం అలాగే మూలుగుతుంది. కానీ తారు నుంచి సిమెంటు రోడ్డు మీదికి రాగానే టైరు మోత మారుతుంది, బేరింగ్ మోత మారదు. కొత్తలో నేను ఇది తెలియక ఒకాయన కారుకి బేరింగ్ మార్చి, మోత అలాగే ఉండి, కూలి డబ్బులు తిరిగిచ్చేశాను. రెండు ముందు టైర్లు వెనక్కి మార్చగానే మోత కూడా వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంకొకటి మాత్రం మీరు తప్పకుండా చూడాలి. రివర్స్ తీసి ఫస్ట్ వేయగానే ఒకే ఒక్క ‘టిక్’, మళ్ళీ రివర్స్ వేస్తే ఇంకో ‘టిక్’. అది జాయింటు కాదు. షాఫ్టు చివరి పళ్ళు చక్రం బిగించే హబ్బులో ఎండిపోయో, హబ్ నట్టు బిగువు చాలకో వచ్చేది. వేరే చోట రెండు షాఫ్టులూ మార్పించుకుని, చప్పుడు పోలేదని మా షెడ్డుకి ఒక కారు వచ్చింది. నట్టు విప్పి, పళ్ళు శుభ్రం చేసి, పలచగా పేస్టు పూసి, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించాం. అంతే. ఆ కారాయన తీసేసిన పాత షాఫ్టులు డిక్కీలోనే ఉన్నాయి. రెండూ నిక్షేపంలా ఉన్నాయి.

కారు నిలబెట్టి స్టీరింగ్ తిప్పినా చప్పుడొస్తే స్ట్రట్ (ముందు చక్రం షాక్ అబ్జార్బర్) పైన ఉండే మౌంటు. గుంతల్లో మాత్రమే ‘లొడలొడ’ అయితే లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్. వాటి గురించి ఇంతకంటే అక్కర్లేదు, మీ లక్షణాలు అవి కావు.

ఇప్పుడు కింద చూడండి. జాకీ కూడా అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి టార్చి వేస్తే ఔటర్ బూటు మడతలు కనిపిస్తాయి. వేలితో మడతలు విప్పి చూడండి, చీలిక చాలావరకు మడత లోపలే ఉంటుంది. బూటు చిరిగితే చక్రం తిరిగేటప్పుడు గ్రీజు బయటికి చిమ్మి, రిమ్ము లోపలివైపు, స్ట్రట్ మీద నల్లగా గీతల్లా పడుతుంది. జాయింటు దానంతట అది చావడం అరుదు. బూటు చిరిగి, గ్రీజు పోయి, దాని బదులు ఇసుక, నీళ్ళు చేరితే చస్తుంది.

మా వైపు బూట్లు చిరగడానికి రబ్బరు వయసు ఒక కారణం, వరిగడ్డి ఇంకో కారణం. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం, గడ్డి ఆరబోస్తారు కదా. దాని మీదుగా పోతే గడ్డి షాఫ్టుకి తాడులా పేనుకుంటుంది. బూటు అంచునీ, గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ సీలునీ కోసేస్తుంది. సైలెన్సర్ దగ్గర చేరితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అలాంటి రోడ్డు దాటాక ఆపి, వేడి తగ్గాక కత్తెరతో కోసి తీయండి, లాగకండి. ఇళ్ళ దగ్గర నిలిపిన కార్లకైతే ఎలుకలు.

చీలిక కనిపించినా చప్పుడు ఇంకా రాకపోతే మీ అదృష్టం, బూటు కిట్టుతో వందల్లో పోతుంది. చప్పుడు మొదలయ్యాక గ్రీజు ఎంత కుక్కినా కొన్నాళ్ళు అణుగుతుందే తప్ప అరిగిన గాడి పూడదు. మీకు మలుపులో టకటక ఖాయమైతే ఆ పక్క ఔటర్ జాయింటు ఒక్కటే మార్చాలి. వణుకు ఇన్నర్‌దే అయి, అదీ అదే పక్కది అయితే, అప్పుడు మాత్రం పూర్తి షాఫ్టు తీసుకోవడమే లాభం. విడివిడిగా రెండు జాయింట్లు, రెండు బూట్లు, కూలి కలిపితే దాదాపు అక్కడికే వస్తుంది. రెండో పక్క చప్పుడు లేకుండా, బూటు బాగుంటే దాన్ని ముట్టుకోవద్దు. జతగా మార్చాలన్న రూలు డ్రైవ్ షాఫ్టులకి లేదు.

ఆటోనగర్‌లో రిపేరు చేసిన పాత జాయింట్లు కూడా దొరుకుతాయి. గాడి గ్రైండ్ చేసి, కాస్త పెద్ద గోళీలు వేస్తారు. పని తెలిసిన చేతిలో పడితే బాగానే నడుస్తాయి. కానీ గాడి పైన ఉండే గట్టి పొర గ్రైండింగ్‌లో ఎంత మిగిలిందో బయటికి కనిపించదు. అందుకే కుటుంబం తిరిగే కారుకి నేను వేయను. వెనకటికి డబ్బు లేని డ్రైవర్ల కోసం ఎడమ జాయింటు కుడికీ, కుడిది ఎడమకీ మార్చేవాళ్ళం. గాడుల్లో అరగని రెండో గోడ మీద బరువు పడి కొంతకాలం మౌనంగా ఉండేది. తెలివైన పనే, కానీ వాయిదా మాత్రమే.

కొత్తది కొనేముందు పాతది షాపుకి తీసుకెళ్ళి రెండు చివర్లా పళ్ళు లెక్కపెట్టండి. మీ కారు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) రింగు జాయింటు మీదే ఉండే రకమైతే ఆ రింగు పళ్ళు కూడా లెక్కపెట్టాలి. తేడా వస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది.

పని మీరే చేస్తానన్నారు కాబట్టి, చేతులు కాలిన చోట్లు చెప్తాను. హబ్ నట్టు కారు నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కించి వదులు చేయండి. ముందుగా నట్టు అంచు గాడిలోకి నొక్కి ఉన్న చోట ఉలితో లేపాలి. జాకీ ఎత్తాక స్టాండు వేయకుండా కిందికి దూరవద్దు, జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. గాలిలో వేలాడే చక్రాన్ని ఇంజిన్‌తో తిప్పి చప్పుడు వినాలని కూడా చూడకండి. సస్పెన్షన్ కిందికి జారి షాఫ్టులు మామూలుకంటే ఎక్కువ వంగి ఉంటాయి, బాగున్న జాయింటు కూడా గొణుగుతుంది.

గేర్ ఆయిల్ దించి, లోయర్ బాల్ జాయింటు విడిపిస్తే హబ్బు బయటికి జరుగుతుంది. స్ట్రట్ బోల్టులు విప్పే పద్ధతి అయితే వాటి స్థానం ముందే పెయింటుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే తర్వాత టైరు ఒక పక్క తినేస్తుంది. షాఫ్టు చివర మరల మీద సుత్తితో నేరుగా కొట్టకండి. పాత నట్టుని చివరిదాకా ఎక్కించి, దాని మీద ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టండి. గేర్‌బాక్స్ వైపు మాత్రం షాఫ్టు పట్టుకుని ఎప్పుడూ లాగొద్దు. లాగితే లోపల షాఫ్టుని పట్టి ఉంచే క్లిప్పు ఊడదు, ట్రైపాడ్ లోపల విడిపోయి బూటు చిరుగుతుంది. జాయింటు బాడీకీ గేర్‌బాక్స్‌కీ మధ్య లీవరు పెట్టి ఒక్క పొట్టి దెబ్బలాంటి తోపు ఇవ్వాలి. సీలు పెదవికి లీవరు తగలకూడదు. ఒక చివర ఊడిన షాఫ్టుని వేలాడనివ్వకుండా తీగతో కట్టండి.

బల్ల మీద పాత బూటు కోసి, గ్రీజు రెండు వేళ్ళ మధ్య రుద్దండి. నునుపుగా నల్లగా ఉంటే జాయింటు బతికే ఉంది. ఇసుక పలుకులా గరగరలాడితే ఇక చూడక్కర్లేదు. కడిగాక గాడిలో గోరు ఆనించి జరపండి. మెరుపు గీత ఉండటం సహజం, గోరు దిగే మెట్టు, పెచ్చు, గోళీల మధ్య కేజ్‌లో బీట కనిపిస్తే మార్చాలి. ట్రైపాడ్ విప్పితే ఏ రోలరు ఏ గాడిలోదో గుర్తు పెట్టుకోండి. కొన్ని కార్లలో ఔటర్ షాఫ్టు నుంచి విడిరాదు. అప్పుడు ఔటర్ బూటుని కూడా ఇన్నర్ వైపు నుంచే ఎక్కించాలి. అలాంటి కారుకి ఔటర్ పోతే పూర్తి షాఫ్టే గతి.

గ్రీజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. చాసిస్‌కి కొట్టే మామూలు గ్రీజు వద్దు. ఔటర్‌కి మాలిబ్డినం ఉన్న నల్ల గ్రీజు, ఇన్నర్‌కి దాని కిట్టులో వచ్చిందే వాడాలి. ప్యాకెట్ మొత్తం వేయండి, అంతకంటే ఎక్కువ వద్దు. సగం జాయింటులో కుక్కి, మిగతాది బూటులో. క్లాంపు బిగించేముందు బూటు చిన్న అంచుని సన్నటి మొండి స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా లేపి లోపలి గాలి వదలండి, లేకపోతే బూటు లోపలికి పీక్కుపోయి మళ్ళీ చిరుగుతుంది. ప్లాస్టిక్ టై, బైండింగ్ వైరు నెల తిరక్కుండా జారిపోతాయి. క్లాంపు పట్టకారు లేకపోతే ఆ ఒక్క పనికి షెడ్డుకి తీసుకెళ్ళండి. మధ్యలో అతికించే చీలిక బూట్లు అమ్ముతారు, అవి దారిలో చిక్కుకున్నప్పుడు ఇంటికి చేరడానికే.

బిగించేటప్పుడు ఇన్నర్ చివర కొత్త క్లిప్పు వేసి, ‘టక్’ అని కూర్చునేదాకా తోయండి. తర్వాత జాయింటు బాడీ పట్టుకుని లాగి చూస్తే రాకూడదు. ఆయిల్ సీలు అప్పుడే మార్చేయండి, అంత దూరం విప్పాక దాని ధర ఒక లెక్క కాదు. గేర్ ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే, లెవెల్ బోల్టు దాకా. హబ్ నట్టు కొత్తదే వాడాలి. చాలా ఫ్యామిలీ కార్లలో 200 న్యూటన్ మీటర్లకు అటూఇటూ ఉంటుంది, కొన్నింటికి ఇంకా ఎక్కువ. మీ కారు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. 200 అంటే మీటరు పొడవు కడ్డీ చివర ఇరవై కిలోల బరువు వేలాడదీసినంత. ‘చేతి లెక్క’ ఇక్కడ పనికిరాదు. తక్కువైతే ఇందాక చెప్పిన టిక్, ఎక్కువైతే బేరింగ్ చస్తుంది. నట్టు బిగించకుండా కారుని చక్రాల మీద దొర్లించినా బేరింగ్ పాడవుతుంది.

తిరుమల సంగతి. టకటకలాడే జాయింటు మరునాడే విరిగిపోదు, ఊళ్ళో కొన్ని వారాలు మెల్లగా తిరగొచ్చు. కానీ ఘాట్ రోడ్డు దానికి సరైన పరీక్ష: స్టీరింగ్ బాగా తిప్పి, ఎత్తుకి గ్యాస్ ఇస్తూ, నిండు బరువుతో, మలుపు వెనక మలుపు. ఒక పక్క షాఫ్టు విరిగితే కారు రెండో పక్క చక్రంతో పోతుందిలే అనుకోకండి. మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్లు) బలమంతా విరిగిన వైపే వదిలేస్తుంది. ఇంజిన్ అరుస్తుంది, కారు కదలదు. గేర్‌లో పెట్టినా వాలులో ఆగదు, హ్యాండ్ బ్రేకు ఒక్కటే దిక్కు. కాబట్టి ఇలాగే వెళ్ళొద్దు.

ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పని పూర్తిచేయండి. తర్వాత ఒక వంద కి.మీ. తిప్పి, అదే గ్రౌండులో రెండు వైపులా గుండ్రంగా తిరిగి వినండి. కారు ఆపి, చక్రం లోపలివైపు, క్లాంపుల చుట్టూ, గేర్‌బాక్స్ సీలు కింద వేలు పెట్టి తడమండి. వేలికి గ్రీజుగానీ ఆయిల్‌గానీ అంటకపోతే బయలుదేరండి.